ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు

ఆ చలికాలంలో ప్రిస్సిల్లాది ఒకటే భయం. నిజాంపట్నంలో నాన్న చనిపోయాడని, కడుపుతో ఉన్న తనకు ఆ కబురు తెలియనివ్వకుండా అందరూ కలిసి దాస్తున్నారని.

ఊరికే పుట్టిన భయం కాదది. అలా దాచడం ఎలాగో ఆమెకు బాగా తెలుసు. ఆరేళ్ళ కిందట అక్క అత్తగారింట్లో ఏడో నెల కడుపుతో ఉండగా, పుట్టింట్లో నాయనమ్మ అన్నమ్మ కన్నుమూసింది. కడుపుతో ఉన్న మనిషికి చావు కబురు చెప్పకూడదని అమ్మ పట్టుబట్టింది. అక్కేమో రోజూ ఫోన్ చేసి, నాయనమ్మకివ్వవే ఒకసారి అనేది. ఇంట్లో గొంతు తడబడకుండా అబద్ధం ఆడగలిగింది ప్రిస్సిల్లా ఒక్కతే. అప్పుడామెకు పదిహేడేళ్ళు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువాపేసి అమ్మ పక్కన కుట్టుమిషను మీద కూర్చుంది. "ఇప్పుడే పడుకుందే, మందు మత్తు" అనేది ఒకరోజు. "చెవులు వినిపించట్లేదుగా, నీ మాట నేను చెప్తాలే" అనేది ఇంకోరోజు. అలా రెండు నెలల పదకొండు రోజులు చెప్పింది. బిడ్డ పుట్టి మూడు వారాలయ్యాక అసలు సంగతి చెబితే అక్క ఏడవలేదు. చెల్లెలి మొహంలోకి చూసి, "నువ్వు చెప్పిన ప్రతి మాటా నమ్మానే" అంది. అంతే.

కాబట్టి దాచేవాళ్ళ లక్షణాలు ప్రిస్సిల్లాకు తెలుసు. వాళ్ళు మామూలుకంటే ఎక్కువ మాట్లాడతారు. అడక్కుండానే తినడానికేదో ఒకటి తెస్తారు. ఏదో ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట పక్కకు తిప్పుతారు. జనవరి రెండోవారం నుంచి ఆమె భర్త జూడ్ ఈ మూడు పనులూ చేస్తున్నాడు.

జూడ్ అమెరికాలోని నోవైలో, కార్లలో వాడే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో ఇంజనీరు. నిజాంపట్నంలో వాళ్ళదీ వీళ్ళదీ ఒకే చర్చి. క్వైర్‌లో ప్రిస్సిల్లా ముందు వరసలో పాడేది, జూడ్ వెనక వరసలో నోరు కదిపేవాడు. అతని గొంతుకి రాగం ఆమడదూరం. ఎమ్మెస్ చేసి ఉద్యోగం తెచ్చుకుని వచ్చి, ఆ పాడే పిల్లనే చేసుకుంటానన్నాడు. "నాకు ఇంగ్లీషు రాదు కదండీ, అక్కడికొచ్చి ఏం చెయ్యను?" అని ఆమె బెదిరిపోతే, "ఇంగ్లీషు నేను మాట్లాడతాను, నువ్వు పాడు" అన్నాడు.

ఆ మాట మీదే నిలబడ్డాడు. బ్యాంకులో, దుకాణంలో, అపార్ట్‌మెంట్ ఆఫీసులో, ఎక్కడైనా సరే ఆమె నోరు జూడే. నెల తప్పాక మొదటిసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు ఇచ్చిన ఫారంలో ఒక గడి ఉంది: మీకు ఇంటర్‌ప్రెటర్ కావాలా? జూడ్ పెన్ను తీసి అక్కర్లేదన్న గడిలో టిక్కు పెట్టాడు.

"ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌లో తర్జుమా చేసి చెబుతుందట. నేనున్నాగా" అన్నాడు.

ప్రిస్సిల్లా కూడా సంతోషించింది. ఆడవాళ్ళ సంగతులు పరాయి మనిషి నోట వినడమేమిటి, ఎబ్బెట్టుగా.

మొదటి చెకప్‌లు పండగలా గడిచాయి. అక్టోబరు మూడోవారంలో, కడుపు ఎనిమిదో వారాన గుండె చప్పుడు వినిపించారు. "మా అమ్మ మిషను తొక్కుతున్నట్టుందండీ" అంది ప్రిస్సిల్లా. జూడ్ ఆ ముక్కను ఇంగ్లీషులోకి మార్చి చెబితే డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆమె నవ్వుతూ ఏదో అంటే దాన్ని తెలుగులోకి తెచ్చాడు: "మీ పాప గౌన్లు కుట్టుకునే బయటికి వస్తుందేమో అంటోంది." నవంబరులో రక్తపరీక్ష చేసి ఆడపిల్లని చెప్పారు. ఆ రోజు ఇంటికొస్తూ కారులోంచే రెండువైపులా ఫోన్లు చేసేశారు. జూడ్ తల్లి విమలకుమారి ఆ పూటే ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చింది.

జూడ్ ఫోన్‌లో ఒక యాప్ ఉండేది. పాప ఏ వారానికి ఏ పండంత అయిందో చెబుతుందది. అందులోవన్నీ అమెరికా పండ్లే. ప్రతి సోమవారం అతను ఆఫీసుకు వెళ్ళేముందు వాటిని కూడా తర్జుమా చేసేవాడు.

"ఈ వారం బ్లూబెర్రీ అంతట."

"అదేం పండండీ?"

"మన నేరేడుపండుకి తమ్ముడు."

ఇంకో సోమవారం అవకాడో వచ్చింది. "చిన్న బొప్పాయి అనుకో. కాదులే, పెద్ద జామకాయ."

"జామకాయో బొప్పాయో సరిగ్గా చెప్పండి. నా పిల్లని ఒకసారి పెంచుతారు, ఒకసారి తగ్గిస్తారు!"

ఇరవయ్యో వారానికి అరటిపండు వచ్చింది. మొదటిసారి తర్జుమా అక్కర్లేని పండు. ఆ రోజంతా ప్రిస్సిల్లా వంటింట్లో అరటిపండు చేతిలో పట్టుకుని తిరిగింది. ఆ వారమే పెద్ద స్కానింగ్.

స్కానింగ్ చేసే అమ్మాయి మొదట ఏవో కబుర్లు చెప్పింది. తరవాత కబుర్లు ఆపేసింది. చాలాసేపు పొట్ట మీద అటూ ఇటూ జరిపి చూసి, బయటికి వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ తెర వంక చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని మాట్లాడటం మొదలుపెట్టింది. చాలా మాట్లాడింది. మధ్యలో ప్రిస్సిల్లా పాదం మీద చెయ్యి వేసింది.

అక్కడే ప్రిస్సిల్లా ఒక పొరపాటు చేసింది. డాక్టరమ్మ మొహం చూడలేదు. మూడు నెలలుగా ఆమెకు డాక్టర్ల మొహం చూసే అలవాటు పోయింది. వాళ్ళ మాట జూడ్ నోట్లోంచి వస్తుంది కాబట్టి, ఎప్పుడూ జూడ్ నోటి వంకే చూస్తుంది. ఆ రోజు ఆ నోరు కాసేపు తెరుచుకోలేదు.

"ఏమంటున్నారండీ?"

"ఏం లేదు. పాప ముడుచుకుని పడుకుందట. కొన్ని సరిగా కనపడలేదట. పెద్దాసుపత్రిలో ఇంకో మిషన్‌తో చూస్తారట."

"అంతేనా? అంతసేపు చెప్పిందిగా?"

"ఇక్కడివాళ్ళు ఒక ముక్క చెప్పడానికి పది ముక్కలు మాట్లాడతారు, తెలుసుగా."

తెలుసు. నమ్మింది. డాక్టరమ్మ మళ్ళీ ఏదో అడిగితే జూడ్ తలూపి, తను చెబుతానని ఇంగ్లీషులో అన్నాడు. ఆపాటి ఇంగ్లీషు ప్రిస్సిల్లాకు తెలుసు. చెప్పేశాడుగా, ఇంకేం చెబుతాడు అనుకుంది.

ఆ మర్నాటి నుంచి జూడ్ మాటలు ఎక్కువైపోయాయి. ఆఫీసులో ఎవరి కుక్క ఏం చేసిందో కూడా చెబుతున్నాడు. ఒకరోజు సపోటాలు తెచ్చాడు, మరోరోజు డబ్బాలో నిలవున్న తాటిముంజలు. మంచు గడ్డకట్టిన ఊళ్ళో ముంజలెక్కడ దొరికాయని అడిగితే, నలభై మైళ్ళ దూరంలో ఒక కొట్టు ఉందన్నాడు. సోమవారం వచ్చింది. ఏ పండూ చెప్పకుండానే బూట్లు వేసుకుంటున్నాడు.

"ఈ వారం ఏం పండండీ?"

"యాప్ పని చెయ్యట్లేదు ప్రిస్సీ. అప్‌డేట్ చెయ్యాలి."

పెద్దాసుపత్రికెప్పుడు అంటే, "ఈ మంచులో ముప్పై మైళ్ళు ఎలా వెళ్తాం, వెనక్కి జరిపించాను" అన్నాడు. తరవాతివారం మంచు లేదు. అయినా ఇంకోసారి జరిపించాడు.

కిందింట్లో ఉమ ఉంటుంది. కరీంనగర్ పిల్ల, ఏదీ మనసులో ఉంచుకోదు. ఒక మధ్యాహ్నం గిన్నెడు సర్వపిండి పట్టుకొచ్చి, కూర్చోకముందే మొదలుపెట్టింది.

"అక్కా, ఒకటడుగుత, ఏమనుకోవుగద? అన్న ఈ మధ్య ఆఫీస్‌నుంచొచ్చి కార్లనే కూసుంటుండు. మొన్న నేను సామాన్ దింపుకొని ఇంట్లవెట్టి, చెత్త పారెయ్యనీకి మళ్ళొస్తే గూడ గట్లనే ఉన్నడు. ఇంజన్ నడుస్తనే ఉంది. మీకిద్దరికేమన్న లొల్లయిందా?"

"లొల్లా? మేము గొడవపడితే ఆయన కారులో కూర్చోడు, నేనే బాత్రూమ్‌లో కూర్చుంటా" అని నవ్వింది ప్రిస్సిల్లా. నవ్విందేగానీ ఆ మాట ఆమెను వదల్లేదు. కారులో కూర్చుని ఎవరితో మాట్లాడుతున్నాడు? ఇక్కడ సాయంత్రం ఆరున్నరంటే నిజాంపట్నంలో తెల్లవారుజాము. ఇంట్లో మాట్లాడకూడని మాట ఏముంటుంది?

కిందటేడు నాన్న గుండెకు స్టెంటు వేశారు. వారం నుంచి అమ్మ ఫోన్‌లో నాన్న గొంతు వినపడలేదు. "ఐసు ఫ్యాక్టరీకెళ్ళారే" అంటోంది అమ్మ. "స్నానం చేస్తున్నారే" అంటోంది. ఇప్పుడే పడుకుందే, మందు మత్తు. ఆ గొంతు ప్రిస్సిల్లాకు తెలుసు. ఆ గొంతు తనదే.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. అడగాలంటే భయం. అడగనంతసేపూ నాన్న బతికే ఉంటాడు కదా. లోపల పాప కదిలినప్పుడల్లా పొట్ట మీద చెయ్యి వేసుకుని, నీకేం కాలేదులే, తాతయ్యకే అనుకునేది.

శనివారం సాయంత్రం ఇక పట్టలేకపోయింది. జూడ్ వంటింట్లో గిన్నెలు కడుగుతుండగా అమ్మకు ఫోన్ చేసి, "వీడియో పెట్టు. నాన్నని చూపించు. ఇప్పుడే. పడుకున్నాడని చెప్పావంటే ఒట్టు, నేను ఫ్లైటెక్కి వచ్చేస్తా" అంది.

అవతల కాసేపు గుసగుసలు. ఎవరో ఫోన్ పట్టుకుని నడుస్తున్నట్టు తెర ఊగింది. తరవాత ఐసు ఫ్యాక్టరీ దీపాలూ, పొగలు కక్కుతున్న ఐసు దిమ్మలూ, వాటి ముందు మఫ్లరు చుట్టుకున్న నాన్న రత్నరాజు.

"ఏంటే అమ్మడూ, నేను పోయాననుకున్నావా?"

"నాన్నా!"

"బతికే ఉన్నానే! కావాలంటే గిల్లుకుని చూపించనా? ఇంకా అరవై కూడా నిండలేదు, అప్పుడే సమాధిపెట్టెలో పెట్టేస్తావా నన్ను? ఇదిగో ఈ ఐసులో పెట్టినా ఆర్నెల్లు పాడవను."

ప్రిస్సిల్లా ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "మీరెందుకు మాట్లాడట్లేదు నాతో?"

"మాట్లాడుతున్నాగా" అన్నాడు రత్నరాజు. తరవాత గొంతు సవరించుకుని, "నువ్వు గట్టిగా ఉండమ్మా. దేవుడు..." అన్నాడు, అంతలో తెర మీద ఫ్యాక్టరీ పైకప్పు రేకులు కనిపించాయి. ఆ రేకులు చాలాసేపు కనిపించాయి. సిగ్నల్ లేదేమో అనుకుంది.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తింది. "ఏవండీ! మా నాన్న పోయాడనుకున్నానండీ! మీరందరూ కలిసి నా దగ్గర దాస్తున్నారనుకున్నా. వారం నుంచి నన్ను చంపేశారు మీరు, ఆ ముంజలూ మీరూనూ!"

జూడ్ చేతులకు సబ్బు నురగ. నవ్వాడు. నవ్వి, "చెత్త పారేసొస్తా" అని కోటు కూడా వేసుకోకుండా మంచులోకి వెళ్ళాడు. చెత్తసంచి తలుపు దగ్గరే ఉండిపోయింది.

ఆ రాత్రి ప్రిస్సిల్లా రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. ఆదివారం, సోమవారం, మంగళవారం ఆమె సంతోషానికి హద్దు లేదు. పెళ్ళినాటి నేతచీర ఒకటి మెత్తబడితే కోసి, మూడు చిన్న బొంతలు కుట్టింది. కుడుతూ పాడింది. జూడ్ ఆ గదిలోకి రాలేదు.

బుధవారం పెద్దాసుపత్రి. పొద్దున ఆ ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది, ఇక వెనక్కి జరపడానికి వీల్లేదన్నారు. దారంతా జూడ్ ఒక్క మాటా మాట్లాడలేదు. ఎక్కువ మాట్లాడే మనిషి ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయాడో ఆమె పట్టించుకోలేదు. నాన్న బతికే ఉన్నాడు. ఇక భయపడటానికేం మిగిలింది?

స్కానింగ్ అయ్యాక వాళ్ళను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. అక్కడ మంచం లేదు, మిషన్లు లేవు. సోఫా, దాని పక్కన కాగితపు రుమాళ్ళ పెట్టె. నర్సు ఒక చక్రాల స్టాండు తోసుకొచ్చింది. దానికి టాబ్లెట్ బిగించి ఉంది.

"ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు, నేనున్నాను" అన్నాడు జూడ్ ఇంగ్లీషులో.

నర్సు మెత్తగానే చెప్పింది. ఈ గదిలో మాత్రం ఇంటర్‌ప్రెటర్ ఉండాల్సిందే. ఇక్కడి పద్ధతి అది.

టాబ్లెట్‌లో బొమ్మ రాలేదు. గొంతు మాత్రం వచ్చింది, ఎక్కడో దూరంనుంచి ఒక ఆడగొంతు. "నమస్కారమండీ. నేను మీ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. నా నంబరు రెండు ఏడు నాలుగు సున్నా. ఈ గదిలో ఎవరేం మాట్లాడినా రెండో భాషలో చెబుతాను. ఏదీ కలపను, ఏదీ వదలను. సరేనా అండీ?"

ప్రిస్సిల్లాకు సరదా వేసింది. అమెరికాలో ఒక ఆసుపత్రి గోడ తెలుగు మాట్లాడుతోంది. "సరేనండీ" అంది, జూడ్ వంక చూసి నవ్వుతూ.

పెద్ద డాక్టరు లోపలికి వచ్చింది. జుట్టంతా నెరిసిన మనిషి. ఎదురుగా కూర్చుని, జూడ్‌ని కాదు, ప్రిస్సిల్లాని చూస్తూ మాట్లాడింది. ఆమె ఆగగానే గొంతు అందుకుంది.

"మూడు వారాల కిందట మీ డాక్టరు మీ భర్తకు చెప్పిన సంగతి గురించే నేను—"

"అమ్మా!" అన్నాడు జూడ్, టాబ్లెట్ వైపు వంగి, తెలుగులో. "అమ్మా, ఆ మాట చెప్పొద్దండీ. దయచేసి. ఇంటికెళ్ళాక నేను చెప్పుకుంటాను. మీకు దణ్ణం పెడతాను."

గొంతు అదే స్థాయిలో, అదే నిదానంతో, జూడ్ బతిమాలిన మాటలన్నీ ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పింది. ఏదీ వదల్లేదు.

డాక్టరు జూడ్ వంక చూసింది. ప్రిస్సిల్లా మొదటిసారి భర్త నోటి మీదనుంచి చూపు తీసి డాక్టరు మొహం చూసింది. తెలుగు అక్కర్లేకుండానే సగం అక్కడ కనిపించింది.

"చెప్పమనండి" అంది.

గొంతు చెప్పింది. పాపకు రెండు కిడ్నీలూ ఏర్పడలేదు. అందుకే ఉమ్మనీరు లేదు. ఉమ్మనీరు లేకపోతే ఊపిరితిత్తులు పెరగవు. కడుపులో ఉన్నంతవరకూ తల్లే ఊపిరి. బయటికొచ్చాక కొద్ది నిమిషాలు, మహా అయితే కొన్ని గంటలు. దీనికి వైద్యం లేదు. కొందరు తల్లులు ఇప్పుడే ప్రసవం చేయించుకుంటారు, కొందరు నొప్పులొచ్చేదాకా ఉంచుకుంటారు. రెండింట్లో ఏదీ తప్పు కాదు. ఇవాళే చెప్పక్కర్లేదు.

"నేనేమైనా తినకూడనిది తిన్నానా?"

"లేదు. మీరు చేసినదేదీ కారణం కాదు."

"పాపకి నొప్పి తెలుస్తుందా?"

"తెలియకుండా చూసుకుంటాం."

ప్రిస్సిల్లా ఇంకేం అడగాలో తెలియక, "మీదే ఊరమ్మా?" అంది టాబ్లెట్‌తో. గొంతు ఆ ప్రశ్నను కూడా డాక్టరుకు చెప్పింది. తరవాత తెలుగులో, "నేను చెప్పకూడదండీ" అంది. ఆ ఒక్క మాట దగ్గర గొంతు సన్నబడింది.

తిరిగొస్తూ ఊరి పొలిమేర దాటారు. అప్పుడు వెలిగింది ప్రిస్సిల్లాకు. అత్తయ్యకి తెలుసు. అమ్మకి తెలుసు. ఐసు దిమ్మల ముందు నిలబడి నవ్వించిన నాన్నకూ తెలుసు. తెర మీద అంతసేపు రేకులు కనిపించింది సిగ్నల్ లేక కాదు, నాన్న తన మొహం చూపించలేక.

"మీరు చెప్పిన ప్రతి మాటా నమ్మానండీ" అంది.

జూడ్ కారు నడుపుతూనే ఉన్నాడు.

నొప్పులొచ్చేదాకా ఉంచుకుంటానంది ప్రిస్సిల్లా. ఉన్నన్నాళ్ళూ ఉండనీ అంది. విమలకుమారి ఫోన్ చేసి, "నేనే చెప్పొద్దన్నానమ్మా వాడికి. కడుపుతో ఉన్న మనిషివి, ఆ మాట విని నీకేమన్నా అయితే" అని ఏడ్చింది. ప్రిస్సిల్లా ఆమెను ఏమీ అనలేదు. అక్క ముందు నిలబడ్డ తన మొహమే గుర్తొచ్చింది. కానీ జూడ్‌తో మాట్లాడలేకపోయింది. అన్నం పెట్టేది, ఉతికిన బట్టలు మడత పెట్టేది, చెకప్‌కి అతని పక్కనే కూర్చుని వెళ్ళేది. అక్కడ స్టాండు మీది గొంతుతో మాట్లాడేది. ఒక్కోసారి ఒక్కో గొంతు. రెండు ఏడు నాలుగు సున్నా మళ్ళీ రాలేదు.

మార్చి చివరివారం, ముప్పై ఒకటో వారంలో నొప్పులొచ్చాయి. పాప నలభై ఒక్క నిమిషాలు ఉంది. జుట్టు చాలా ఉంది. చేతివేళ్ళు జూడ్‌వి, పొడుగ్గా. నేతచీర బొంతలో చుట్టి ఇచ్చారు. నర్సు స్టాండు దగ్గరికి తెస్తుంటే ప్రిస్సిల్లా చేత్తోనే వద్దంది. ఆ కాసేపూ ఆ గదిలో తర్జుమా చెయ్యాల్సిన మాటలేవీ లేవు.

పాడదామనుకుంది. ఐదు నెలలుగా ఈ పిల్లకు వినిపించిన పాటే. నోరు తెరిచింది, గాలే వచ్చింది. అప్పుడు జూడ్ అందుకున్నాడు. శ్రుతి లేదు, తాళం లేదు, చరణాల వరస తప్పాడు. ఆపకుండా పాడాడు. పాప వెళ్ళిపోయాక కూడా, నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా పాడాడు.

కాగితం మీద పేరు రాయాలన్నారు. "అన్నమ్మ" అంది ప్రిస్సిల్లా.

ఆ తరవాత ఇల్లు జనంతో నిండింది. నోవై తెలుగు చర్చివాళ్ళు వంతులు వేసుకుని వారంపాటు భోజనం తెచ్చారు. ఉమ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తల దువ్వి వెళ్ళేది. అక్క ఫోన్ చేసి చాలాసేపు ఊరికే ఊపిరి వినిపించింది. వచ్చినవాళ్ళంతా ప్రిస్సిల్లా మంచం చుట్టూ కూర్చునేవారు. తలుపు తీసి, బూట్లు సర్ది, నీళ్ళిచ్చేది జూడ్. వచ్చేవాళ్ళూ వెళ్ళేవాళ్ళూ గుమ్మంలో అతన్ని ఒకటే అడిగేవారు.

"ప్రిస్సిల్లా ఎలా ఉంది?"

"పర్లేదండీ."

"జాగ్రత్తగా చూసుకో. నువ్వే ధైర్యం చెప్పాలి."

"అలాగేనండీ."

గోడకు ఇవతలనుంచి ఆమె ఈ మాటలు వినేది. లెక్కపెట్టలేదుగానీ, ఇంకో ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని చెవి ఒగ్గేది. ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

ఎనిమిదో రోజు జూడ్ ఆఫీసుకు వెళ్ళాడు. ఏప్రిల్ వచ్చినా చలి పోలేదు. సాయంత్రం ఆరింటికి, ఇంకా వెలుతురుండగానే, కిటికీలోంచి చూస్తే కారు వచ్చి ఆగి ఉంది. ఆరున్నరైంది. ఏడైంది. కారులోంచి మనిషి దిగలేదు. పైన సన్నటి మంచు రాలుతోంది, అద్దం మీద పేరుకుంటోంది, తుడిచే కర్ర కదలట్లేదు.

ప్రిస్సిల్లా శాలువా కప్పుకుంది. బాలింత చలిగాలికి బయటికి వెళ్ళకూడదని అమ్మ చెప్పింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మెట్లు దిగి, కారు తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది. జూడ్ ఉలిక్కిపడ్డాడు.

"నువ్వెందుకొచ్చావు, ఈ చలిలో?"

"ఇక్కడేం చేస్తున్నారు మీరు?"

అతను స్టీరింగ్ మీద చేతులు తియ్యలేదు. "అప్పుడు ఆ మూడు వారాలూ రోజూ ఇక్కడే కూర్చునేవాణ్ణి. ఎలా చెప్పాలా అని. మాట కూడదీసుకునేవాణ్ణి. మెట్ల దాకా వచ్చేసరికి పోయేది. ఇప్పుడు చెప్పడానికేం లేదు. అయినా ఇక్కడికి రాగానే కాళ్ళు కదలట్లేదు."

ప్రిస్సిల్లా శాలువా దగ్గరికి లాక్కుంది.

"ఇంగ్లీషులో విన్నప్పుడు అది ఎవరి పిల్లో అనిపించింది ప్రిస్సీ. నిజంగా. ఏదో కాగితం మీద చదివినట్టు. తెలుగులో చెప్పానంటే మన పిల్లైపోతుంది. ఒక్కసారి నోట్లోంచి వచ్చిందంటే ఇక..." అద్దం మీది మంచు వంక చూస్తూ అన్నాడు. "నీకు ఏమైనా అవుతుందని అమ్మ అంది నిజమే. కానీ నేను ఆగింది అందుకు కాదు."

అద్దం మీద మంచు పూర్తిగా కమ్మేసింది. లోపల తెల్లటి వెలుతురు. ఆ వెలుతురులో చూసింది అతని మొహం. దవడలు లోపలికి పోయాయి, గడ్డం కింద చొక్కా వదులైంది. ఇన్ని రోజులు ఒకే ఇంట్లో ఉండి ఎలా చూడలేదో తనకే తెలియలేదు. ఫ్రిజ్ నిండా చర్చివాళ్ళ గిన్నెలున్నాయి. అన్నీ బాలింత పథ్యాలు. అందరూ ఆమెకే తెచ్చారు.

"మధ్యాహ్నం తిన్నారా?" అంది.

జూడ్ ఆమె వంక చూశాడు. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు. ఆ నలభై ఒక్క నిమిషాల్లోనూ రాని ఏడుపు. ప్రిస్సిల్లా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఇంజన్ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు రోజూ అడుగుతోంది ఆమె, తిన్నారా అని. పొద్దున ఎనిమిదిన్నరకు అతను గడప దాటాక మాత్రం ఆమె మాట అందదు. ఆఫీసులో పక్కన కూర్చునేవాళ్ళకు సెలవు పెట్టాడనే తెలుసు. చర్చిలో ఇప్పటికీ అతన్ని ఆమె గురించే అడుగుతారు. కారు ఇంకా కొన్ని సాయంత్రాలు పార్కింగ్‌లోనే ఆగి ఉంటోంది.

మీకూ ఇలాంటి ఇల్లు ఒకటి తెలిసే ఉంటుంది, నోవైలోనో, మీ ఊళ్ళోనో. ఫోన్ చేసే ఉంటారు, ఆ తల్లితో మాట్లాడే ఉంటారు, మంచిదే. ఈసారి చేసినప్పుడు అంతటితో పెట్టెయ్యకండి. ఫోన్ ఆయనకొకసారి ఇమ్మనండి. ఆమె ఎలా ఉందని అడక్కండి. తిన్నావా అని అడగండి. వెంటనే జవాబు రాకపోయినా కాసేపు అలాగే ఆగండి.